చేతికి అందే కళ

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. మ్యూజియానికి తీసుకెళ్తే అన్నీ ముట్టుకుంటానంటుంది. ఎలా?
– ఒక తల్లి, జమ్మికుంట

జవాబు: ఆ వయసు పిల్లలు తాకే తెలుసుకుంటారు. కానీ చేతి చెమట, జిడ్డు పాత వస్తువులను పాడుచేస్తాయి. మ్యూజియంలో చూపు మాత్రమే.

తాకి చూసేందుకు పాపను నిర్మల్ పట్టణానికి తీసుకెళ్లండి. అక్కడి కళాకారులు తేలికైన పొణికి చెక్కతో బొమ్మలు చెక్కి, ముక్కలను చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అనుమతి అడిగి ఒక చెక్కముక్క పాప చేతిలో పెట్టండి. ఎంత తేలికో, ఎక్కడ గరుకో తనే చెబుతుంది. రంగులద్దిన బొమ్మకన్నా సగం చెక్కినదే పాపను ఎక్కువసేపు ఆకట్టుకోవచ్చు.

కరీంనగర్ వెండి తీగపని కూడా చూపించండి. ఇంటికొచ్చాక ఆ తీగల మెలికలను బంకమట్టితో చేయనివ్వండి. నోట్లో పెట్టుకోకుండా మీరు పక్కనే ఉండండి.