కాలువ గట్టు నేర్పే పాఠము

పాఠ్యభాగము: 2 రాజులు 12:4–15
ముఖ్యాంశము: లెక్క సరిగా ఉన్నచోట నమ్మకము నిలుస్తుంది.



మైలాపూరు మీదుగా రైలులో వెళ్లే మనకు, స్తంభాల కింద నల్లగా పారే బకింగ్‌హాం కాలువ తెలుసు. వాసనకు ముక్కు మూసుకుంటాము గాని, తవ్విన చేతులను తలచుకోము. 1876–78 నాటి కరువులో జనులకు కూలి దొరకాలని ఈ కాలువ పని సాగించారు. ఇక్కడ అడయారు, కూవం నదులను కలిపిన భాగము అప్పటిదే.

1. తెలిసిన ముఖము
ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు తన ప్రాంతములో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నారు. అమెరికాలో సర్వేయరుగా పనిచేసినందున కొలతలు ఆయనకు తెలుసు. పని చూచుటకు తెలుగు బోధకులనే పెట్టారు. వేరేచోట్ల మోసానికి భయపడిన పేద పల్లెల జనులు, ఎరిగిన ముఖాలు చూచి ధైర్యముగా గంప ఎత్తారు.

2. బేరము లేని సహాయము
కరువు సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మములు ఆపారు. కూడు కొరకు ఎవరూ విశ్వాసములోనికి రాకూడదని ఆయన ఉద్దేశము. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెలంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు.

3. ఇద్దరి ఎదుట లెక్క
యోవాషు రాజు కాలములో పనివారి చేతికిచ్చిన డబ్బుకు ఎవరూ లెక్క అడగలేదు, వారు నమ్మకస్థులు. అయితే మరువవద్దు: పెట్టెలోని డబ్బును ముందుగా రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టారు. నమ్మకానికి లెక్క శత్రువు కాదు, కావలి.

మన సంగతి
ఊరినుండి తాపీ పనికి వచ్చిన కుర్రవానికి తమిళము రాదు. “మనవాడే” అని మేస్త్రీని నమ్ముతాడు. అడ్వాన్సు ఎంత, అందులో పట్టుకున్నది ఎంత, అతనికి తెలియదు. మనవాడన్న మాట ఒక్కటే చాలదు. ఒక నోటుబుక్కు చాలు: తేదీ, పని, కూలి, అడ్వాన్సు. శనివారము ఇద్దరి ఎదుట చదివి సంతకమో వేలిముద్రో వేయించాలి. మనలో చదువు వచ్చినవారు ఆ అరగంట ఇవ్వలేరా?

ఆలోచించండి
1. నా చేతి కింద పనిచేసేవారు నా లెక్క చూడగలరా?
2. ఈ నెల కొత్తగా వచ్చిన వారిలో ఎవరి పేరు నాకు తెలుసు?