పంపబడినవాడు మొదట శిష్యుడే
పాఠ్యభాగము: అపొ. కార్య. 13:1-5, 14:8-15



మన సంఘపు యువకుడొకడు సువార్త సేవకై ఫ్రెంచి పలుకు పశ్చిమాఫ్రికా దేశమునకు అనేక సంవత్సరములు వెళ్లనైయున్నాడు. ఏడాదియైనను హైదరాబాదులోనే యున్నాడేమని కొందరు సణుగుచున్నందున మేము పోయి చూచి వచ్చితిమి.

తార్నాకలో ఉస్మానియా ఆవరణమునకు ఆనుకొని, 1958లో ఇంగ్లీషు బోధనకై స్థాపింపబడి 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన విద్యాలయమున్నది. అతడు అక్కడ ఫ్రెంచి నేర్చుకొనుచున్నాడు. మన మందిరములో ధారాళముగా ప్రార్థించు ఆ నోరు అక్కడ మంచినీళ్లడుగుటకు తడబడుచున్నది. తనకంటె చిన్నవారు దిద్దగా మరల పలుకుచున్నాడు. సెమినరీలో మా గ్రీకు పాఠములు జ్ఞాపకము వచ్చెను. (మా మార్కులు ఇక్కడ వ్రాయము.)

1903లో తెలుగు బాప్తిస్టులు పంపిన జాన్ రంగయ్యగారికి దక్షిణాఫ్రికాలోని నేటాలులో తెలుగు కూలీలే ఎదురైరి. బర్నబాయు మొదట తన స్వస్థలమైన కుప్రకే వెళ్లెను. అయితే లుస్త్రలో ఏమి జరిగెనో చూడుడి. జనులు లుకయోనియ భాషలో కేకలు వేసి వీరిని దేవతలనిరి. ఎడ్లును పూదండలును వచ్చువరకు అపొస్తలులకు సంగతి తెలిసినట్లు లేదు. తెలిసిన వెంటనే వస్త్రములు చింపుకొనిరి. భాష రానిచోట మంచి కార్యము సహితము అట్లు తారుమారగును. మనవాడు అక్కడికి చేరిన పిమ్మట పల్లె భాష వేరుగా నేర్వవలెను.

అతని తల్లి, "అక్కడ జ్వరమొస్తే ఎవరితో చెప్పుకొంటాడు, అయ్యగారూ?" అని అడిగెను. ఆ మాట ముందే నేర్చుకొన్నాడంటిమి. ఆమె నమ్మినట్లు లేదు.

వచ్చు ఆదివారము ఆరాధన తరువాత పెద్దలు అతనిపై చేతులుంచుదురు. ఆమె ముందు వరుసలో కూర్చుండును.