కొన్న పేటెంటుతో కొలువు రాదు

మంగళ్‌పల్లి నుంచి షేరిగూడ, ఇబ్రహీంపట్నం దాకా సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలే. అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్య నన్ను అడుగుతున్నది ర్యాంకుల గురించి కాదు. “మావాడి పేరు మీద ఒక పేటెంట్ ఉంటే ఎమ్మెస్ సీటు ఖాయమట కదా సార్! సెన్సర్ మీదో చిప్ మీదో అయితే ఇంకా మంచిదట. ఎంతవుతుంది?” అని. పేటెంట్ అంటే కొత్తగా ఏదైనా కనిపెట్టినవాళ్లకు ప్రభుత్వం 20 ఏళ్లపాటు ఇచ్చే హక్కు. కనిపెట్టకుండానే దాని ధర అడుగుతున్నారంటే, పిల్లవాడి చేత ఏం చేయించబోతున్నారో మీరు ఆలోచించలేదన్నమాట.

అమ్మేవాళ్ల పద్ధతి ఇది. ఎవరో రాసిపెట్టిన దరఖాస్తులో ఏడెనిమిది పేర్లు చేరుస్తారు. ఒక్కో పేరుకూ ఒక రేటు. తొందరగా ప్రచురించమని ఇంకో ఫారం జత చేస్తారు. మామూలుగా 18 నెలలకు పేటెంట్ ఆఫీసు జర్నల్లో వచ్చేది అలా చేస్తే త్వరగానే వస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసి, పేటెంట్ వచ్చేసిందని చేతిలో పెడతారు. వచ్చింది ప్రచురణ మాత్రమే. అసలు పరీక్ష ఇంకా మొదలే కాలేదు. దానికి 31 నెలల్లోగా వేరే ఫారం పెట్టాలి, ఎగ్జామినర్ రాసిన అభ్యంతరాలకు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకోవాలి. అమ్మినవాళ్లు అక్కడిదాకా రారు. ఇక ‘యూకే డిజైన్ పేటెంట్’ అని అమ్మేది వస్తువు ఆకారానికి ఇచ్చే రిజిస్ట్రేషన్. అది కొత్తదా కాదా అని అక్కడి ఆఫీసు వెతికి చూడదు. లోపల సర్క్యూట్ పనిచేస్తుందా లేదా అన్నదానితో దానికి సంబంధమే లేదు.

ఇంటర్వ్యూలో “నీ డిటెక్టర్‌లో నాయిస్ ఎంత? ఎలా కొలిచావు?” అని అడిగితే చాలు, బండారం బయటపడుతుంది. కనిపెట్టనివాళ్ల పేరు కనిపెట్టినవాళ్లుగా రాయడం అబద్ధం. ఇరవై ఏళ్ల పిల్లవాడి చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించే హక్కు తల్లిదండ్రులకు కూడా లేదు. నిజంగా ఏదైనా కనిపెట్టిన విద్యార్థి తన పేరుతో ఆన్‌లైన్‌లో వేసుకుంటే మొదటి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. అంతకు ఎన్ని రెట్లు అడుగుతున్నారో మీరే లెక్కేసుకోండి.

సెన్సర్లు, చిప్‌ల రంగంలో నిజమైన ఆవిష్కరణ ఎలా పుడుతుందో తెలియాలంటే జగదీశ్ చంద్రబోస్‌ను చూడాలి. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో మిల్లీమీటర్ల పొడవున్న రేడియో తరంగాలను పుట్టించి, వాటిని పట్టే సాధనం కోసం ఎన్నో పదార్థాలను పరీక్షించారు. చివరికి గలీనా స్ఫటికానికి లోహపు మొన తాకించి చేసిన డిటెక్టర్ రేడియో తరంగాలకూ, వెలుతురుకూ కూడా స్పందించింది. దానికి 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. సెమీకండక్టర్ పరికరం మీద ప్రపంచంలో వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి. పేటెంట్లు తీసుకోవడం బోస్‌కు ఇష్టం లేదు, స్నేహితులు పట్టుబడితే ఒప్పుకున్నారు.

మన తెలుగువారిలో చెన్నుపాటి జగదీష్ ఉన్నారు. కృష్ణా జిల్లా వల్లూరుపాలెంలో పుట్టి, కిరోసిన్ దీపం వెలుగులో తెలుగు మీడియంలో చదివారు. తర్వాత నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ, ఆంధ్రా యూనివర్సిటీలో అప్లైడ్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ టెక్, ఢిల్లీలో పీహెచ్‌డీ. 1990లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చేరి సెమీకండక్టర్ లేజర్లు, పరారుణ డిటెక్టర్లు, నానోవైర్ల మీద పేరు తెచ్చుకున్నారు. 2022లో ఆస్ట్రేలియా సైన్స్ అకాడమీ అధ్యక్షులయ్యారు. బీఎస్సీలో చేర్పిస్తే చుట్టాల్లో తల ఎత్తుకోలేమని నాతో అనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ పేరే. ఫిజిక్స్ అంటే ప్రాణం పెట్టే పిల్లను సీఎస్ఈలోకి తోసి, నాలుగేళ్ల తర్వాత ‘డల్ అయిపోయింది’ అని నా దగ్గరకు తీసుకొస్తే నాకు కోపం వస్తుంది.

ప్రవేశాల సంగతి ఒక్క మాటలో: ఈసీఈకి ఎప్‌సెట్, డిగ్రీకి దోస్త్, ఎమ్మెస్సీకి సీపీగెట్ లేదా జామ్, ఎంటెక్‌కు గేట్.

ఉద్యోగాల కోసం దూరం చూడక్కర్లేదు. నాగ్ క్షిపణి లక్ష్యాన్ని పరారుణ కాంతితో చూస్తుంది, అస్త్ర చివరి దశలో సొంత రాడార్‌తో వెతుక్కుంటుంది. వీటిని తయారుచేసే భారత్ డైనమిక్స్‌కు ఇబ్రహీంపట్నంలోనూ స్థలముంది. విజ్ఞాన కంచలో క్షిపణుల పరిశోధన సంస్థ ఆర్‌సీఐ ఉంది. మైక్రోవేవ్ చిప్‌లను గాలియం ఆర్సెనైడ్ మీద తయారుచేసే గేటెక్ కూడా అక్కడే. రావిర్యాల వైపు ఆస్ట్రా మైక్రోవేవ్ ఉంది. 2025 జులై 30న ఎగిరిన నిసార్ ఉపగ్రహం మైక్రోతరంగాలతో నేలను చూస్తుంది. అలాంటి ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే కేంద్రం మన రంగారెడ్డి జిల్లాలోని షాద్‌నగర్‌లోనే ఉంది. ఇలాంటి చోట్ల ఈసీఈవాళ్లకే కాదు, ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకూ పని ఉంటుంది.

ఇప్పుడు వీఎల్ఎస్ఐ, అంటే చిప్ డిజైన్ మోజు. 2021 చివర్లో కేంద్రం 76,000 కోట్లతో సెమీకండక్టర్ పథకం ప్రకటించాక అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ చిప్‌లే. ఆరు నెలల కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ లక్షల్లో ఫీజు. కట్టే ముందు నాలుగు సంగతులు కనుక్కోండి: సాఫ్ట్‌వేర్ టూల్స్‌కు లైసెన్సు ఉందా, చెప్పేవాళ్లు ఎప్పుడైనా చిప్ డిజైన్ చేశారా, గ్యారంటీ కాగితం మీద రాసిస్తారా, ఫీజు అప్పుగా మీ పేరున బ్యాంకులో పడుతోందా. ఒక్కదానికి నీళ్లు నమిలినా లేచి వచ్చేయండి. చిప్ అంటే డిజైన్ ఒక్కటే కాదు. పదార్థం, తయారీ, ప్యాకేజింగ్, కొలత అన్నీ ఉంటాయి. ఐఎన్‌యూపీ పథకం కింద ఐఐఎస్సీ, కొన్ని ఐఐటీల నానో ల్యాబుల్లో విద్యార్థులకు చేతితో పని నేర్పుతారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు చేయండి.

ప్రకటనలు చూసి పరుగెత్తేవాళ్లు రావిర్యాల ఫ్యాబ్ సిటీని గుర్తు తెచ్చుకోవాలి. 2006లో సెమ్‌ఇండియా అక్కడ చిప్‌ల ఫ్యాక్టరీ పెడుతుందన్నారు. ఆ ఫ్యాక్టరీ రాలేదు. ఆ భూముల్లోకి తర్వాత సోలార్, ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వచ్చాయి. ఒక్క ప్రకటనను నమ్మి పిల్లల చదువు నిర్ణయించకూడదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఫిజిక్స్, గణితం, కొలత గట్టిగా వచ్చినవాళ్లకు ఒక ఫ్యాక్టరీ రాకపోతే ఇంకోచోట దారి దొరుకుతుంది.

పిల్లలకు నిజంగా ఆసక్తి ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 10.525 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చిన్న డాప్లర్ మాడ్యూల్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కొన్ని వందలకే దొరుకుతుంది. దాన్ని ఆంప్లిఫయర్‌కు, అక్కణ్నుంచి కాలేజీ ఆసిలోస్కోప్‌కు కలపమనండి. ఎదురుగా సెకనుకు ఒక మీటరు చొప్పున నడిస్తే తెర మీద దాదాపు 70 హెర్ట్జ్ అల కనిపించాలి. మొదటిసారి అది రాదు. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే దాని అలే వస్తుంది, ట్యూబ్‌లైట్ ఉంటే 100 హెర్ట్జ్ గోల. ఫ్యాన్ కట్టేసి, లైటు ఆర్పి, ఫిల్టర్ మార్చి, రాత్రి పదయినా లేవకుండా కూర్చున్నారంటే ఆ పిల్లలను ఈ దారిలో పోనివ్వండి. విసుగొచ్చి లేచిపోతే తిట్టకండి, వాళ్ల ఆసక్తి మరోచోట ఉంది.

అలాంటి పనిలోంచి నిజంగానే కొత్తది ఏదైనా పుడితే, కాలేజీ ఫెస్ట్‌లో ప్రదర్శించకముందే, పేపర్‌గా ప్రచురించకముందే దరఖాస్తు వేయాలి. ముందే బయటపెడితే కొత్తదనం పోయిందని తిరస్కరించవచ్చు. కొలతలన్నీ తేదీలు వేసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే ప్రొవిజనల్ దరఖాస్తు వేసి, మిగతాది 12 నెలల్లోగా ఇవ్వవచ్చు. ఆ కాగితంలో పేరు పని చేసినవాళ్లదే ఉండాలి. గైడ్ సర్ పని చేయకపోతే ఆయన పేరు కూడా వద్దు.