గీత ఎక్కడ గీయాలి?

ఆస్ట్రేలియాలో మేముండే పాయింట్ కుక్‌లో మా పక్కింటివాళ్ళు చిలీ నుంచి వచ్చారు. ఇంట్లో మాట్లాడేది స్పానిష్. ఆ ఇంటి మామ్మగారు పొద్దున ఎనిమిదింటికి బీపీ మాత్ర వేసుకోవాలి. కూతురేమో ఏడింటికే విలియమ్స్ లాండింగ్ స్టేషన్‌లో రైలెక్కేస్తుంది. ఒక వారం ఆ మాత్ర ఇచ్చే పని నేను తీసుకున్నాను. మొదటిరోజు మామ్మగారు మాత్ర మింగగానే, వచ్చిన నాలుగు ముక్కల స్పానిష్‌లో "మాత్ర వేసుకుంది" అని మెసేజ్ పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "అమ్మ వేసుకుందా, లేదా?" గొంతులో కంగారు.

నేను రాసింది 'తోమొ'. రాయాల్సింది 'తొమో'. మొదటిదానికి 'నేను వేసుకుంటాను' అని అర్థం, రెండోదానికి 'వేసుకుంది' అని. రెంటికీ అక్షరాలు అవే నాలుగు. తేడా అంతా చివరి 'ఓ' నెత్తిన పెట్టే ఏటవాలు గీతలో ఉంది. అది లేకపోయేసరికి మనిషీ మారిపోయింది, కాలమూ మారిపోయింది.

ఆ సాయంత్రమే కూర్చుని గీత సంగతి తేల్చుకున్నాను. స్పానిష్‌లో మాటకొక మామూలు దారి ఉంది. మాట అచ్చుతోనో, 'న్'తోనో, 'స్'తోనో ముగిస్తే ఊనిక, అంటే పలికేటప్పుడు పెట్టే ఒత్తు, చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఇంకే హల్లుతో ముగిసినా చివరి అక్షరం మీద. ఈ దారిన నడిచే మాటకి గీత అక్కర్లేదు. మామూలుగా దారి తప్పిన మాటకే గీత; ఒకేలా రాసే రెండు మాటల్ని విడదీయడానికీ కొన్నిచోట్ల పెడతారు. బంగాళాదుంపని 'పాప' అంటారు (మన చెవికి పసిబిడ్డ!), దానికి గీత లేదు. నాన్న 'పపా'. ఊనిక చివరికి జరిగింది కాబట్టి గీత పెట్టాలి. కాగితం 'పపెల్', గీత లేదు. చెట్టు 'ఆర్బొల్' కూడా 'ల్'తోనే ముగుస్తుంది, కానీ ఊనిక ముందుకొచ్చింది, గీత ఉండాలి. డాక్టరు 'మేదికొ'లోలాగా ఊనిక వెనక నుంచి మూడో అక్షరందాకా పోతే ఇక ఆలోచించే పనే లేదు, గీత తప్పనిసరి.

మనం దీర్ఘాన్ని ప్రతిచోటా రాస్తాం. కలమో కాలమో పాఠకుడి ఊహకి వదలం. స్పానిష్ అలా కాదు, చదివేవాళ్ళు పొరబడే చోటు చూసి అక్కడే గుర్తు పెడుతుంది. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఎవరికైనా పని అప్పగించేటప్పుడు మీరూ పాటించి చూడండి. "నేను చెప్పకపోతే వీళ్ళు ఏమనుకుంటారు?" అని ముందు ప్రశ్నించుకోండి. వాళ్ళు అనుకునేది ఎక్కడ తప్పవుతుందో అక్కడ గట్టిగా చెప్పండి. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారనుకోండి, పొయ్యి మీద టీ పెట్టడం వాళ్ళకి మనం నేర్పక్కర్లేదు. తాలింపు పొగకి స్మోక్ అలారం మోగుతుందని చెప్పాలి. ఒంట్లో బాగోకపోతే అలవాటుగా 108 కొడతారు, ఇక్కడ 000 అని పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించాలి.

గీత తీసేయడమూ నేర్చుకోవాలి. పాటని 'కన్సియోన్' అంటారు, గీత ఉంది. పాటలు 'కన్సియోనెస్'. చివర ఒక అక్షరం పెరగగానే ఊనిక మామూలు దారిలోకి వచ్చేసింది, గీత పోయింది. మనం చెప్పే మాటలూ అంతే, పదిహేడేళ్ళ పిల్లకి పదేళ్ళప్పుడు చెప్పిన జాగ్రత్తలే ఇప్పటికీ చెబుతున్నామేమో చూసుకోండి. ఏది తీసేయాలన్నది తేలిక ప్రశ్న కాదు. 2010లో స్పానిష్ భాషా అకాడమీలు 'మాత్రమే' అనే అర్థంలో వాడే 'సోలొ' మీద గీత అక్కర్లేదన్నాయి. ఎందరో రచయితలు ఒప్పుకోలేదు. 2023లో స్పెయిన్ అకాడమీ, అర్థం రెండు రకాలుగా పోతుందనిపిస్తే గీత పెట్టుకోవడం రాసేవాళ్ళ ఇష్టమని వివరణ ఇచ్చింది. నేను రచయితల పక్షమే. పొరపాటుకి చోటుందని తెలిసీ గీత మానేయడం నాకు చేతకాదు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది 'సి' అనే మాట. గీత లేకపోతే 'అయితే'. గీత ఉంటే 'అవును'. మన సంభాషణల్లో ఈ రెండూ ఎంత కలిసిపోతాయో! శనివారం భోజనానికి పిలిస్తే "చూద్దాంలే అండీ" అంటాం. మన మనసులో అది 'కుదిరితే'. పిలిచినావిడ చెవికి 'వస్తాం'. ఆవిడ నలుగురికి అదనంగా పులిహోర కలుపుతుంది, పెరుగు తోడేస్తుంది, రెండింటిదాకా వాకిలి చూస్తుంది. మొహమాటం మనది, శ్రమ ఆవిడది. వస్తే "వస్తాం" అనండి. రాలేకపోతే ఆ మాట ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. నొచ్చుకుంటారేమో అని ఆగకండి, వండి ఎదురుచూడటం కన్నా అది చిన్న నొప్పే.

వారం అన్నాను గానీ, మాత్ర ఇచ్చే పని ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు పక్కింటి ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించి ఉంటుంది. రోజూ తేదీ, టైము, 'తొమో' అని నేను రాస్తాను. ఆ 'ఓ' మీద గీత మాత్రం మామ్మగారు ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని తనే పెడుతుంది.