లోటు ఎక్కడుందో కనిపెట్టండి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్లకు తెల్లవారుజామంటే భయం. రాత్రంతా ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, పొద్దు పొడిచే ముందు బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు ఊపిరాడక నీటి పైకి తేలతాయి. మేత సరిగ్గానే వేశారు, నీళ్లు నిండుగానే ఉన్నాయి. అయినా ఆక్సిజన్ ఒక్కటి చాలక పంట పోతుంది. అందుకే రైతు ఉప్పదనం, ఆక్సిజన్, అమ్మోనియా దేనికది పరీక్ష చేయిస్తాడు.

ఉద్యోగి క్షేమాన్నీ అలాగే దేనికది చూడాలి. జీతం బాగానే ఉన్నా నిద్ర కరవై ఉండొచ్చు. ఒళ్లు గట్టిగానే ఉన్నా కష్టం చెప్పుకునే తోడు లేకపోవచ్చు. గ్యాలప్ సంస్థకు చెందిన టామ్ రాత్, జిమ్ హార్టర్ 2010లో వచ్చిన తమ పుస్తకంలో క్షేమాన్ని వృత్తి, ఆత్మీయులు, డబ్బు, ఆరోగ్యం, సమాజం అని ఐదుగా విడదీశారు. వాటిని మన పనిచోట్లకు తగ్గట్టు కాస్త మార్చి, ఈ కింది ఐదూ చూసుకుందాం.

1. ఒళ్లు
రాత్రి కాపలా కాసి వచ్చినవాళ్లు పగలు బ్యాంకు పని, ఇంటి పని పెట్టుకుంటే నిద్ర ముక్కలవుతుంది. డ్యూటీ దిగాక గది చీకటి చేసి, ఫోన్ దూరంగా పెట్టి, ఒకే విడతగా పడుకోండి. ఆ వేళలు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. గంటల తరబడి ఐసు రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకు వేళ్లు కొంకర్లు పోతాయి. గ్లౌజులు, మధ్యలో కాస్త విరామం అడగడానికి మొహమాటపడొద్దు.

2. మనసు
వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పనికి బయల్దేరాలంటేనే గుండె దడ పుట్టినా ఓర్చుకుంటూ కూర్చోకండి. 14416కు ఫోన్ చేయండి. మనసు బాధల్లో సాయం చేయడానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు అది. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు.

3. డబ్బు
జీతంలో కోసిన పీఎఫ్ ఖాతాలో పడిందో లేదో నెలనెలా చూసుకోండి. ఈఎస్‌ఐ వర్తించే సంస్థలో నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే కార్డు తీసుకోండి. మీకే కాదు, మీ మీద ఆధారపడ్డ కుటుంబానికీ వైద్యం అందుతుంది. కిలోల లెక్కన కూలి తీసుకునేవాళ్లు ఏ రోజుకారోజు తూకం చిన్న నోటుబుక్కులో రాసుకోండి. వారం చివర లెక్క తేలేటప్పుడు ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది. బ్యాంకు ఖాతా ఉంటే, ఏటా 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరండి.

4. మనుషులు
రోజూ ఒక్క పూటైనా తోటివాళ్లతో కలిసి క్యారేజీ విప్పండి. కొత్తగా చేరినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆడవాళ్లకు లైంగిక వేధింపు ఎదురైతే 2013 చట్టం అండగా ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న చోటైతే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు.

5. పనిలో అర్థం
ఇందుకూరుపేట మండలంలోనే, పల్లిపాడులో పెన్న ఒడ్డున, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. రాట్నం తిప్పడాన్ని దేశసేవగా భావించిన కాలమది. అలాగే మన పని ఎవరికి అక్కరకొస్తోందో తెలిస్తే అలసటలోనూ తృప్తి ఉంటుంది. సచివాలయంలో పింఛను దరఖాస్తు నింపే ఉద్యోగి, ఆ డబ్బుతో మందులు కొనుక్కునే పెద్దావిడను తలచుకోవాలి. గుంట దగ్గర మేత వేసే కుర్రాడు నీటి పరీక్ష నేర్చుకోవాలి. నేర్చుకునే కొద్దీ పని మీద పట్టూ, మనమీద మనకు గౌరవమూ పెరుగుతాయి.

యజమానులకూ ఒక మాట. డ్యూటీ చార్టు వారం ముందే ఇవ్వండి. జీతం చెప్పిన తేదీకి వేయండి. ఈ రెండింటితోనే చాలామంది గుండెల మీద బరువు దిగుతుంది.

ఈ ఆదివారం ఒక కాగితం మీద ఐదు పేర్లూ రాసి, ఒక్కోదానికి పదికి మార్కులు వేసుకోండి. అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని పట్టుకుని, వారంలో ఒక్క పని చేయండి: ఒక ఫోన్ కాల్, ఒక నిద్రవేళ, ఒక లెక్కల పుస్తకం. అన్నీ ఒకేసారి సరిచేయాలని చూస్తే మూడోరోజే మానేస్తాం. ఒక్కటి గట్టిపడ్డాకే రెండోదానికి వెళ్లండి.