గేమ్ ప్రోగ్రామింగ్ చదవాలనుకునే పిల్లలకు ఏడు అనుభవ పాఠాలు

ఇంటర్ ఎంపీసీ అయిపోగానే ‘గేమ్ ప్రోగ్రామింగ్ చదువుతాను’ అనే పిల్లలూ, ‘అదీ ఒక చదువేనా?’ అని అడిగే తల్లిదండ్రులూ ఇద్దరూ నా దగ్గరికి వస్తుంటారు. అది చదువే. స్కాట్లాండ్‌లోని డండీ నగరంలో అబర్టే విశ్వవిద్యాలయం 1997లోనే కంప్యూటర్ గేమ్స్ డిగ్రీ మొదలుపెట్టింది. అమెరికాలోని రెడ్‌మండ్‌లో డిజిపెన్ విద్యాసంస్థ 1998 నుంచి ఈ చదువు చెబుతోంది. ఆటలకు కోడ్ రాస్తూ, రాసేవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకుంటూ జుట్టు నెరిసింది నాకు. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

1. ఆడటం వేరు, రాయటం వేరు

రాత్రంతా ఆడగలిగినంత మాత్రాన ఈ చదువు వంటబట్టదు. కాలేజీలో చేరకముందే పాము ఆటో, బంతి ఆటో ఒకటి సొంతంగా రాసి చూడండి. వేగంగా వచ్చే బంతి గోడకు తగలకుండా అవతలికి దూసుకుపోతుంది. ఒక్క ఫ్రేమ్‌లో (తెర మీద బొమ్మ ఒకసారి మారే వ్యవధిలో) అది గోడ మందం కన్నా ఎక్కువ దూరం కదలడమే దానికి కారణం. ఆ సంగతి తేల్చేదాకా లేవబుద్ధి కాకపోతే, ఈ చదువు మీదే.

2. ఇంటర్ లెక్కల్ని మార్కులతో వదిలేయకండి

ఫస్టియర్ మ్యాథ్స్‌లో చదివిన వెక్టర్లు, మాత్రికలే ఈ పనికి పునాది. ఆటలో కాపలావాడికి హీరో కనబడ్డాడా లేదా తేల్చాలనుకోండి. కాపలావాడు చూస్తున్న దిశ ఒక యూనిట్ వెక్టర్. అతని నుంచి హీరో వైపు దిశ ఇంకొకటి. రెండింటి డాట్ ప్రొడక్ట్ 1 అయితే హీరో సరిగ్గా ఎదురుగా ఉన్నట్టు, 0 అయితే పక్కన, రుణాత్మకమైతే వెనక. 0.5 దాటితే చూపుకు అటూ ఇటూ అరవై డిగ్రీల లోపు ఉన్నట్టే. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం ఇక్కడ ఒక పాత్రకు కళ్లవుతుంది. ఇంటర్వ్యూలో నేను ముందుగా అడిగేది ఇలాంటి ప్రశ్నే.

3. ఇంజిన్ కింద ఏముందో తెలుసుకోండి

ఆటలు తయారుచేసే ఇంజిన్లలో యూనిటీకి సీ షార్ప్, అన్‌రియల్‌కు సీ ప్లస్ ప్లస్ కావాలి. రెండూ మంచి పనిముట్లే, వాడటం నేర్చుకోవాల్సిందే. కానీ డిగ్రీ చదివే రోజుల్లో కనీసం ఒక్క ఆటైనా ఏ ఇంజిన్ సాయమూ లేకుండా సీ ప్లస్ ప్లస్‌లో రాయండి. మెమరీ ఎక్కడ తీసుకున్నారు, ఎప్పుడు వదిలారు, బొమ్మ తెర మీదికి ఎలా వచ్చింది అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఇంజిన్లు మారతాయి, ఈ తెలివిడి మాత్రం ఉండిపోతుంది.

4. కాలాన్ని లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. బటన్ నొక్కింది చూడటం, శత్రువుల ఆలోచన, ఢీకొట్టుకోవడాల లెక్క, బొమ్మ గీయడం అన్నీ అందులోనే అయిపోవాలి. కొత్తవాళ్లు హీరోని ఫ్రేమ్‌కు 5 పిక్సెళ్లు జరుపుతారు. 60 ఫ్రేములిచ్చే ఫోన్‌లో అతను సెకనుకు 300 పిక్సెళ్లు పరిగెడతాడు. 30 ఫ్రేములే ఇచ్చే చవక ఫోన్‌లో 150 దగ్గరే ఆగిపోతాడు. కిందటి ఫ్రేమ్ నుంచి గడిచిన కాలంతో వేగాన్ని గుణిస్తే రెండు ఫోన్లలోనూ ఒకటే నడక. మన దేశంలో ఎక్కువమంది ఆడేది ఫోన్లలోనే కాబట్టి తక్కువ ధర ఫోన్ ఒకటి పక్కన పెట్టుకుని రోజూ అందులో ఆడి చూడండి.

5. చిన్న ఆటే చేయండి, పూర్తిగా చేయండి

2005లో డిజిపెన్ విద్యార్థులు ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే ఆట చేశారు. అందులో రాకుమారికి గెంతడం రాదు. గోడల మీద రెండు ద్వారాలు తెరిచి ఒకదాంట్లో దూరి ఇంకోదాంట్లోంచి బయటికి రావడమే ఆటంతా. ఆ ఒక్క ఆలోచన చూసి వాల్వ్ సంస్థ జట్టునే ఉద్యోగంలోకి తీసుకుంది. 2007లో వచ్చిన ‘పోర్టల్’కు బీజం అదే. వంద ఊళ్ల మహా ప్రపంచాన్ని మొదలుపెట్టి సగంలో వదిలేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. మెనూ, శబ్దం, ఆపి మళ్లీ కొనసాగించడం, మధ్యలో ఫోన్ కాల్ వస్తే ఏం కావాలన్నది, వీటన్నిటితో పూర్తయిన పది నిమిషాల ఆట మీ పనితనాన్ని చెబుతుంది.

6. బొమ్మలు గీసేవాళ్లతో, డిజైనర్లతో కలిసి పనిచేయండి

యూనివర్సిటీ ఇచ్చే పెద్ద వరం తోటివాళ్లే. అందరి కోడ్ మార్పులనూ భద్రపరిచే గిట్‌ను మొదటి రోజు నుంచే వాడండి. శత్రువు వేగం మార్చాలన్న ప్రతిసారీ డిజైనర్ మీ దగ్గరికి రావాల్సిన అవసరం ఉండకూడదు. అలాంటి విలువలు కోడ్‌లో కాకుండా విడి ఫైల్‌లో పెడితే, వాళ్లే మార్చుకుని ఆడి చూసుకుంటారు. పక్కవాళ్ల పని తేలిక చేసే ప్రోగ్రామర్‌ని ఏ జట్టూ వదులుకోదు.

7. కాలేజీని ఆచితూచి ఎంచుకోండి

కరపత్రంలోని రంగురంగుల బొమ్మలు కాదు, అక్కడి చివరి సంవత్సరం పిల్లలు చేసిన ఆటలు అడిగి, మీరే ఆడి చూడండి. సిలబస్‌లో లీనియర్ ఆల్జీబ్రా, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ ఉన్నాయో లేదో చూడండి. సాఫ్ట్‌వేర్ వాడకం ఒక్కటే నేర్పే కోర్సుకు లక్షలు పోయకండి. మంచి బీటెక్ సీఎస్ఈలో చేరి, ఆటలు సొంతంగా రాసుకున్నా ఈ రంగంలోకి రావచ్చు. 2023, 2024లలో ప్రపంచమంతటా గేమ్ కంపెనీలు వేలాది ఉద్యోగాలు తీసేశాయి. అలాంటప్పుడు కూడా కంప్యూటర్ సైన్స్ పునాది గట్టిగా ఉన్నవాళ్లకు సిమ్యులేటర్లు, సినిమా గ్రాఫిక్స్ వంటి చోట్ల కూడా పని దొరుకుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. విదేశీ చదువుకు అప్పు చేసేముందు పిల్లల్ని ‘నువ్వు చేసిన ఆట చూపించు’ అని అడగండి. వాళ్లు చూపిస్తే కూర్చుని ఆడండి. నచ్చితే నిశ్చింతగా పంపండి. చూపించడానికి ఇంకా ఏమీ లేకపోతే కోప్పడకుండా ఒక ఏడాది సమయమివ్వండి.