కుమ్మరిసారె యొద్ద మొదటి పాఠము

దొర్నిపాటిలో ఒక కుమ్మరి పెద్దయొద్ద మేము రెండు శనివారములు సారెపని నేర్చుకొంటిమి. సారె యంచున బరువుండుటచేత, కఱ్ఱతో త్రిప్పి విడిచినను అది కొంతసేపు తనంతట తిరుగును. కష్టమంతయు మంటిముద్దను సరిగా నడుమ నిలుపుటయందే. అది యించుక తప్పినను కుండగోడ యొకవైపు పలుచనై కూలును. మాకట్లు ఏడు ముద్దలు కూలినవి. “చేతులు కదిలించొద్దు అయ్యవారూ, మన్నే దారికొస్తాది” అని ఆయన ప్రతిమాఱును మొదటినుండి చూపెను, విసుగు చెందలేదు. ఒకసారి చెప్పిన లెక్క రాలేదని తరగతిలో పిల్లలను గద్దించుట జ్ఞప్తికి వచ్చి మేము తల వంచుకొంటిమి.

ఎనిమిదవ ముద్ద ముంతయై నిలిచెను. ఎండలో త్వరగా ఆరిన పగులునని దానిని నీడ నార్చి, ఆవములో కాల్చిరి. పచ్చిముంత నీట కరగును, కాలినది కరగదు. ఆ వంకరముంత మా బల్లపై నున్నది. పిల్లలు వచ్చి చూడవచ్చును.